ఇంట్లో పెంపుడు పెట్ట: అందరి సలహా నిజమే, కాకపోతే అది ఏ కోడికి?

ఇంటికి ఒక కోడిపెట్ట వచ్చిందంటే దాని వెనకే సలహాలూ వచ్చేస్తాయి. "గుప్పెడు నూకలు చల్లితే అదే బతుకుతుంది, కోడికి కూడా సేవలేంటి" అంటుంది నాయనమ్మ. కోళ్లఫారంలో పనిచేసే బావ గుడ్ల కోళ్ల కోసం తయారుచేసే లేయర్ మేత తప్ప ఇంకేం పెట్టొద్దంటాడు. యూట్యూబ్‌లో ఎవరో అమెరికావాళ్లు చలికాలం గూట్లో లైటు పెట్టమంటారు. పక్కింటాయనైతే పుంజు లేనిదే పెట్ట గుడ్డు పెట్టదని ఒట్టేసి మరీ చెబుతాడు. వీళ్లలో పక్కింటాయన ఒక్కడే తప్పు. మిగతా ముగ్గురూ నిజమే చెబుతున్నారు, చిక్కల్లా ముగ్గురూ మూడు వేరువేరు కోళ్ల గురించి చెబుతున్నారు. మన బాల్కనీలోనో, మేడ మీదో, చిన్న పెరట్లోనో ఉన్న కోడి ఆ మూడింటిలో ఏదీ కాదు. కొత్తగా కోడిని తెచ్చుకున్నవాళ్ల టెన్షన్‌లో సగం ఇక్కడినుంచే పుడుతుంది.

ముందు మీ దగ్గరున్నది ఏ కోడి?

నాటుకోడి అంటే తనంతట తాను తిరిగి, గీరుకుని, పురుగూ పుట్రా ఏరుకుని బతకడం అలవాటైన పెరటి కోడి. ఏడాదికి 60 నుంచి 80 గుడ్లు పెడితే గొప్ప. పొదగడం మాత్రం దానికి వెన్నతో పెట్టిన విద్య. లేయర్ కోడి వేరే. మన ఫారాల్లో ఉండేవి ఎక్కువగా వైట్ లెగ్‌హార్న్ జాతి నుంచి తయారుచేసిన రకాలు, ఏడాదికి 300 దాకా గుడ్లు పెడతాయి. తరతరాలుగా ఏరి ఏరి పెంచడంతో పొదగాలన్న కోరిక వాటిలో దాదాపు పోయింది. బ్రాయిలర్ ఇంకో లోకం. ఆరు వారాల్లో రెండు కిలోలు దాటడానికే దాన్ని తయారుచేశారు కాబట్టి, ముద్దొచ్చి ఇంట్లో పెంచుకుంటే కొన్ని నెలలకే కాళ్లు ఒంటి బరువు మోయలేవు, గుండె మీదా భారం పడుతుంది. ఈ రకాల మధ్యలో పెరటి పెంపకం కోసమే తయారైనవి కొన్ని ఉన్నాయి. వనరాజా, గ్రామప్రియ అలాంటివే, రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ నుంచి వచ్చినవి. కొత్తవాళ్లకు ఇవి కాస్త నిదానమైన కోళ్లు.

మరి సంతలో, బడి ముందు అమ్మే గులాబీ రంగు, పచ్చ రంగు పిల్లలో? అవి చాలావరకు లేయర్ హేచరీల్లో పుట్టిన మగపిల్లలు. గుడ్లు పెట్టవు, మాంసానికీ పెద్దగా పనికిరావు కాబట్టి రంగు పూసి చవకగా అమ్మేస్తారు. వాటిలో ఎక్కువభాగం వారం తిరక్కుండానే పోతాయి. రంగు వల్ల కంటే చలికే ఎక్కువ పోతాయి. ఒంటి మీద నూగు తప్ప ఈకలు ఉండవు కాబట్టి మొదటి వారం పిల్ల చుట్టూ సుమారు 35 డిగ్రీల వేడి ఉండాలి, ఆ తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ పోవచ్చు. తల్లి రెక్క కింద ఉండే వేడి అది. థర్మామీటర్ లేకపోయినా పిల్లల్నే చూసి చెప్పొచ్చు. బల్బు కిందకొచ్చి ఒకదాని మీద ఒకటి పడి కిచకిచమంటుంటే చలి, బల్బుకు దూరంగా గోడవారకు పోయి నోళ్లు తెరిస్తే వేడి, పెట్టె అంతా చెదిరి తిరుగుతుంటే సరిగ్గా ఉన్నట్టు. ఇవన్నీ దాటి బతికిందే అనుకోండి, చిట్టితల్లి అని పేరు పెట్టుకున్న ఆ పెట్ట నాలుగో నెలలో ఒక తెల్లవారుజామున గొంతెత్తి కూస్తుంది, అపార్ట్‌మెంట్ మొత్తం లేస్తుంది.

నూకల లెక్క

నాయనమ్మ మాటకూ బావ మాటకూ మధ్య గొడవ ఇక్కడ తేలుతుంది. ఒక గుడ్డు పెంకు ఐదారు గ్రాములుంటుంది, అందులో దాదాపు 2 గ్రాములు కాల్షియమే. ఒక లేయర్ కోడి రోజుకు 110 గ్రాముల మేత తింటుందనుకుందాం. లేయర్ మేతలో కాల్షియం సుమారు 3.5 శాతం, అంటే 3.8 గ్రాములు. అందులో సగం ఒంటికి పట్టినా ఒక పెంకుకు సరిపోయింది. అదే 110 గ్రాములూ నూకలే పెట్టారనుకోండి, బియ్యంలో కాల్షియం 100 గ్రాములకు పది మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోతుంది. పెంకుకు కావలసింది 2,000 మిల్లీగ్రాములు. మాంసకృత్తుల్లోనూ అంతే తేడా. లేయర్ మేతలో రోజుకు 18 గ్రాములు అందితే నూకల్లో ఎనిమిది, తొమ్మిది దాటవు.

తేడాను కోడి ఎముకల్లోంచి తీసుకుంటుంది, కొన్నాళ్లు. ఆ తర్వాత పెంకులు పలచబడతాయి. మా పెట్ట ఒకరోజు పొద్దున్నే బుట్టలో పెట్టిన గుడ్డు చేతిలోకి తీసుకుంటే బొటనవేలు లోపలికి దిగిపోయింది. పెంకే లేదు, తెల్లటి తోలులాంటి పొర, నీళ్లు నింపిన బెలూన్‌లా జారుతోంది, వెచ్చగా ఉంది. అప్పటికి మూడు నెలలుగా దానికి నూకలూ, మిగిలిన అన్నమే పెడుతున్నాం. ఎవరో చెప్పారు, మేం చేశాం.

మరి నాయనమ్మ కోళ్లు ఎలా బతికాయి? వాటికి ఆవిడ వేసిన నూకలు చిరుతిండి మాత్రమే. అసలు భోజనం పెంటకుప్ప మీద ఉండేది. చెదలు, వానపాములు, నత్తలు, గడ్డి మొనలు, రాలిన గింజలు. సున్నం వేసిన మట్టిగోడను కోళ్లు పొడుస్తూ ఉండటం చూసే ఉంటారు, కాల్షియం కోసమే అది. పైగా అవి ఏడాదికి పెట్టింది 70 గుడ్లు, అంటే 140 గ్రాముల కాల్షియం. 300 గుడ్ల లేయర్‌కు కావలసింది 600 గ్రాములు, ఒళ్లు చూస్తే కిలోన్నర. టైల్స్ వేసిన మేడ మీద నూకలు మాత్రమే తినే కోడికి ఆ పెంటకుప్పా లేదు, ఈ ఫారం మేతా లేదు.

అలాగని బావ మాట అన్ని కోళ్లకూ పనికిరాదు. గుడ్లు మొదలుకాని పిల్లలకూ పుంజులకూ అంత కాల్షియం నెలల తరబడి పెడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిల్లలకు చిక్ మేత వేరే ఉంటుంది. ఇంట్లో పెట్టా పుంజూ కలిపి ఉన్నవాళ్లు చాలామంది మామూలు మేత పెట్టి, వేరే చిప్పలో నత్తగుల్లల పొడో, ఎండబెట్టి నలిపిన గుడ్డు పెంకులో ఉంచుతారు. కావలసిన కోడి తింటుంది, అక్కర్లేనిది దాటిపోతుంది. పెంకులు పెడితే తన గుడ్లు తానే తినడం నేర్చుకుంటుందన్న భయం ఒకటుంది, అది పెంకు గుడ్డు ఆకారంలో ఉన్నప్పటి మాట, నలిపేస్తే ఆ గుర్తు పోతుంది.

ఇంకొకటి అపార్ట్‌మెంట్ వాళ్లు మర్చిపోయేది. కోడికి పళ్లు లేవు. గింజను నలిపేది కందనకాయ, అందులో కోడి మింగిన ఇసుకరాళ్లు తిరగలిలా పనిచేస్తాయి. మట్టి తొక్కని కోడికి ఆ రాళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి? ఒక తట్టలో ముతక ఇసుక ఉంచితే చాలు.

రోజుకో గుడ్డు ఎందుకు రాదు

పుంజు సంగతి తేల్చేద్దాం. గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదు. పిల్ల కావాలంటేనే కావాలి. ఫారం గుడ్లన్నీ పుంజు మొహం చూడని పెట్టలవే.

ఒక గుడ్డు తయారవ్వడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది, అందులో 20 గంటల దాకా పెంకు కట్టడానికే పోతాయి. రోజుకు 24 గంటలే కాబట్టి లెక్క జారుతూ ఉంటుంది. సోమవారం ఏడింటికి పెట్టింది, మంగళవారం ఎనిమిదింటికి, బుధవారం తొమ్మిదిన్నరకు, గురువారం పదకొండింటికి. ఇలా మధ్యాహ్నం దాటేసరికి ఆ రోజుకు తర్వాతి సొన విడుదలవ్వదు, ఒక రోజు ఖాళీ పోయి మళ్లీ పొద్దున్నే మొదలవుతుంది. మంచి లేయర్‌కు ఈ ఖాళీ చాలా రోజులకోసారి వస్తుంది. నాటుకోడికి రెండు మూడు గుడ్లకోసారి కూడా రావచ్చు. ఇందులో రోగం ఏమీ లేదు.

నాటుకోడి పది, పదిహేను గుడ్లు పెట్టాక అసలు కథ మొదలవుతుంది. ఒక మూల కూర్చుంటుంది, ఈకలు ఉబ్బించుకుంటుంది, చెయ్యి పెడితే పొడుస్తుంది, రోజుకు ఒకసారి లేచి నాలుగు గింజలు తిని, కంపు కొట్టే పెద్ద రెట్ట వేసి మళ్లీ వెళ్లి కూర్చుంటుంది. కొత్తవాళ్లు జబ్బు చేసిందని కంగారు పడేది ఇక్కడే. జబ్బు కాదు, పొదుగుకు కూర్చుంది. కింద గుడ్లు లేకపోయినా, ఉన్నవి పుంజు లేనివైనా దానికి అనవసరం. పిల్లలయ్యే గుడ్లయితే 21 రోజుల్లో తేలుతుంది, లేకపోతే అంతకంటే ఎక్కువ రోజులు కూర్చుని చిక్కిపోతుంది. ఊళ్లలో నీళ్లలో ముంచి తీస్తారు, లేదా వేరే గంప కింద కమ్మేస్తారు. జంతు సంక్షేమం పట్టించుకునేవాళ్లు ముంచడం ఎందుకు, కింద గాలి తగిలే జల్లెడ గూట్లో మూడు నాలుగు రోజులు ఉంచి మేత, నీళ్లు పెడితే దానంతటదే మానుతుందంటారు. రెండింటి వెనకా ఉన్న కిటుకు ఒకటే, పొట్ట కింది వేడి చల్లారాలి. అసలు మాన్పించడమే ఎందుకు, ఎవరి దగ్గరన్నా పుంజున్న గుడ్లు తెచ్చి కింద పెట్టొచ్చుగా అనేవాళ్లూ ఉన్నారు. పెట్టొచ్చు, పుట్టేవాటిలో సగం పుంజులని గుర్తుంచుకుంటే.

వెలుతురు సంగతి. గుడ్డు పెట్టాలన్న సంకేతం కోడికి పగటి పొడవును బట్టి అందుతుంది, 14 నుంచి 16 గంటల వెలుతురు ఉంటే బాగా పెడుతుంది. లండన్‌లో డిసెంబరు పగలు ఎనిమిది గంటలే, అక్కడి కోళ్లు శీతాకాలం గుడ్లు ఆపేస్తాయి, అందుకే వాళ్ల వీడియోల్లో అన్ని లైట్లు. హైదరాబాద్‌లో డిసెంబరు పగలు కూడా 11 గంటలుంటుంది, జూన్‌లో 13. తేడా రెండు గంటలే కాబట్టి మన పెరటి కోడికి లైటు పెద్ద సమస్య కాదు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో పెరట్లో కోళ్లు పెంచుతున్న మనవాళ్లకు మాత్రం ఆ సలహా సరిగ్గా సరిపోతుంది. పగలు తగ్గే కాలంలోనే కోడి పాత ఈకలు రాల్చి కొత్తవి కట్టుకుంటుంది, మెడ బోసిగా చూడటానికి దిగులేస్తుంది, ఆ రెండు మూడు నెలలూ గుడ్లుండవు. ఈకంటే దాదాపు అంతా మాంసకృత్తులే, కాబట్టి పౌష్టికం అప్పుడే ఎక్కువ కావాలి.

మన అసలు సమస్య ఎండ. కోడికి చెమట పట్టదు. 35 డిగ్రీలు దాటితే నోరు తెరిచి రొప్పుతుంది, రెక్కలు ఒంటికి ఎడంగా పెడుతుంది. 40 దాటిన మే నెల మధ్యాహ్నం రేకుల కింద ఉన్న కోడి ఒక్క పూటలో పోతుంది. ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. రొప్పినప్పుడు ఒంట్లోంచి బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోతుంది, పెంకుకు కావలసిన కార్బనేటు తయారయ్యేది దాంతోనే. అందుకే ఎంత నత్తగుల్ల పొడి పెట్టినా ఎండాకాలం పెంకులు పలచగానే వస్తాయి. అప్పుడు కావలసింది నీడ, గంటకోసారి మార్చే చల్లటి నీళ్లు, గూటి మీద తడి గోనెసంచి.

ఒక్క కోడిని ఒంటరిగా పెంచొచ్చా

దీని మీద రెండు పక్షాలూ గట్టిగానే ఉన్నాయి. కోడి గుంపు జంతువు. ఎవరు ముందు తినాలి, ఎవరు ఎక్కడ పడుకోవాలి అన్నది ఒకదాన్నొకటి పొడుచుకుని తేల్చుకుంటాయి. ఈ పొడుపుల వరసను 1921లో నార్వే శాస్త్రవేత్త షెల్డరప్ ఎబ్బే కోళ్లను చూసే రాశాడు. ఒంటరి కోడికి ఆ లోకం లేదు కాబట్టి కనీసం రెండు మూడు ఉండాలన్నది ఒక వాదన. రెండోవాళ్లు చెప్పేదీ కళ్లముందు కనిపించేదే. పిల్లగా ఉన్నప్పటినుంచి మనుషుల మధ్య పెరిగిన పెట్ట ఇంట్లోవాళ్లనే గుంపు అనుకుంటుంది, వంటింటి గడప దగ్గర కాపు కాస్తుంది, పిలిస్తే పరుగెత్తుకొస్తుంది. నా లెక్క ఏంటంటే, పగలంతా ఎవరో ఒకరు ఇంట్లో ఉండే కుటుంబానికి ఒక్క కోడి నడుస్తుంది, పొద్దున తొమ్మిదికి తాళం వేసి రాత్రి ఎనిమిదికి తీసే ఇంట్లో ఒక్క కోడిని ఉంచడం దానికి శిక్షే. రెండోదాన్ని తెస్తే మాత్రం మొదటి వారం యుద్ధమే. మధ్యలో జల్లెడ అడ్డం పెట్టి కొన్నాళ్లు ఒకదానికొకటి కనబడనిచ్చి అప్పుడు కలిపితే రక్తాలు కారవు.

రాత్రి మూసేది ఏదైనా గట్టిగా ఉండాలి. చీకటి పడితే కోడికి కళ్లు సరిగా కనబడవు, పిల్లికీ ముంగిసకూ అదే అదను.

ఏది రోగం, ఏది కాదు

మట్టిలో పొర్లి, కాళ్లు బారజాపి, ఒక పక్కకు ఒరిగి చచ్చినట్టు పడుంటే భయపడకండి, స్నానం చేస్తోంది. పేలు వదిలించుకోవడానికి దుమ్మే దాని సబ్బు. మన పెద్దవాళ్లు ఆ మట్టిలో పొయ్యి బూడిద కలిపేది అందుకే. రెట్ట మీద తెల్లగా ఉండేది మూత్రం, పక్షులకు రెండూ ఒకే దారి. రోజులో కొన్నిసార్లు గోధుమరంగులో జిగటగా, భరించలేని వాసనతో వచ్చేది కూడా మామూలే, అది విరేచనం కాదు. మెడ కింద మేత సంచి రాత్రికి నిండుగా ఉండి పొద్దున్నకు ఖాళీ అవ్వాలి. పొద్దున్న కూడా రాయిలా గట్టిగా ఉంటే మాత్రం మేత ఎక్కడో అడ్డం పడిందని.

కోడి తన జబ్బును దాస్తుంది, గుంపులో నలతగా కనబడితే మిగతావి పొడుస్తాయి కాబట్టి. మనకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అందులో అన్నిటికంటే పాడుది కొక్కెర తెగులు, డాక్టర్లు రాణిఖేత్ అంటారు. ఆకుపచ్చ రెట్ట, గురక, మెడ మెలితిరిగిపోవడం, వారంలో వీధిలో కోళ్లన్నీ ఖాళీ. వైరస్ కాబట్టి వచ్చాక మందు లేదు. పసుపు, వెల్లుల్లి పెడితే తగ్గిందనేవాళ్లు ఉన్నారు. కొన్ని కోళ్లు ఎలాగూ బతుకుతాయి, బతికినవాటి ఇంట్లో పెట్టిన మందుకే పేరొస్తుంది. టీకా ఒక్కటే అడ్డు. మొదటి వారంలో కంట్లో చుక్క, రెండు నెలలప్పుడు సూది.

ఇక్కడ ఒక్క కోడి ఉన్నవాళ్ల కష్టం వేరే. టీకా సీసా వంద, రెండొందల కోళ్లకు సరిపడా వస్తుంది, కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి, ఒక కోడి కోసం సీసా విప్పడానికి ఎవరూ ముందుకు రారు. పశువుల ఆసుపత్రిలో ఊరి కోళ్లకు టీకాలు వేసే రోజు కనుక్కుని అదే రోజు తీసుకెళ్లడం నడిచే దారి. సంచార పశు వైద్యానికి రెండు రాష్ట్రాల్లోనూ 1962 నంబరు ఉంది.

బర్డ్ ఫ్లూ వార్త వచ్చినప్పుడు

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు పెరట్లో రెండు కోళ్లున్న ఇళ్లలో కూడా అదే చర్చ. ఉంచాలా, తీసేయాలా? నియమం ఇలా ఉంటుంది. భోపాల్‌లోని కేంద్ర పశురోగాల ప్రయోగశాలలో రోగం ఖాయమైతే ఆ చోటు చుట్టూ ఒక కిలోమీటరు రోగ ప్రాంతం, పది కిలోమీటర్ల దాకా నిఘా ప్రాంతం. రోగ ప్రాంతంలోని కోళ్లను చంపి పాతిపెడతారు, పరిహారం ఇస్తారు. పెంపుడు కోడి, పేరు పెట్టుకున్న కోడి అని మినహాయింపు ఉండదు. క్రూరంగా అనిపిస్తుంది, కానీ ఈ వైరస్‌కు మన దేశంలో కోళ్లకు టీకా వేయనివ్వరు, దొరికినచోటే తుంచేయాలన్నదే పద్ధతి. టీకా వేస్తే కోడి పైకి బాగుండి లోపల వైరస్ తిరుగుతూనే ఉంటుందని దానికి చెప్పే కారణం. టీకా అనుమతించాలని ఫారాలవాళ్లు అడుగుతున్నారు, కొన్ని దేశాలు వేస్తున్నాయి కూడా.

పది కిలోమీటర్ల అవతల ఉన్నవాళ్లు కోడిని వదిలించుకోనక్కర్లేదు. వలస బాతులు, కాకులు వచ్చి తాగే నీళ్లు కోడికి అందకుండా మేతా నీళ్లూ పైకప్పు కింద పెట్టడం, కొత్త కోడిని తేకపోవడం, రెట్ట ఎత్తాక చేతులు సబ్బుతో కడుక్కోవడం, ఇంతే. 70 డిగ్రీల పైన ఉడికితే వైరస్ చస్తుంది, ఉడికించిన గుడ్డుకు భయం లేదు. మనుషులకు సోకడం అరుదు, సోకితే మాత్రం ప్రాణాంతకం. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక పసిపాప దీనితో చనిపోయింది, పచ్చి మాంసం ముక్క తిన్నదని కుటుంబం చెప్పింది. కొక్కెర తెగులుకూ దీనికీ తేడా కంటితో చూసి ఎవరూ చెప్పలేరు కాబట్టి, కోడి ఉన్నట్టుండి చస్తే ఉత్త చేతుల్తో ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. పిల్లలు కోడిని ముద్దుపెట్టుకోవడం బర్డ్ ఫ్లూ లేనప్పుడు కూడా మంచిది కాదు, విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న కోడిలోనూ ఉండొచ్చు.

గుడ్డు ఎంత పడుతుంది

రోజుకు 110 గ్రాములంటే ఏడాదికి 40 కిలోల మేత. కిలో 40 రూపాయలనుకుంటే 1,600. నాటుకోడి కూడా అంతే తిని 70 గుడ్లు పెడితే గుడ్డుకు 23 రూపాయలు పడింది, గూడు, టీకా, ఆటో ఖర్చు కలపకుండానే. లేయర్ అయితే ఐదారు రూపాయల్లో వస్తుంది, కాకపోతే రెండేళ్లు దాటాక దాని గుడ్లు తగ్గుతూ పోతాయి, ఫారంవాళ్లు అంతకు ముందే అమ్మేస్తారు. ఇంట్లో ఉన్న కోడి ఆరేడేళ్లు కూడా బతకొచ్చు. అంటే చివరి మూడు నాలుగేళ్లు మేత మాత్రమే, గుడ్డు అప్పుడప్పుడూ.

ఊళ్లో ఈ లెక్క వేరేగా ఉండేది, మేతలో ముప్పాతిక వంతు పెంటకుప్పే పెట్టేది, గుడ్లు ఆగిన కోడి పండక్కి కూరయ్యేది. మా ఇంట్లో పెట్టకు ఇప్పుడు నాలుగో ఏడు. గుడ్డు పెట్టి నెల దాటింది. దీన్ని ఇంకెన్నాళ్లు మేపుతారని నాయనమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది, తానొచ్చిన రోజు మాత్రం కొంగున మూటగట్టి తెచ్చిన సజ్జలు దాని ముందే విప్పుతుంది.